రెండోసారి పాడిన చరణం

విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో ఒక చీరల కొట్టుంది. ఆ కొట్టు వెనక గదిలో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టే కృపారాణి ఒకప్పుడు స్టేజీ ఆర్టిస్టు అంటే కొట్టు యజమానే నమ్మడు. నలభై ఏడేళ్ల మనిషి. ముక్కు మీద కళ్లజోడు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, బొట్టులేని నుదురు. ఆ మనిషి ఒకనాడు ఇటు బొబ్బిలి నుంచి అటు ఇచ్ఛాపురం దాకా నాటకాలు ఆడిందంటే ఎవరు నమ్ముతారు చెప్పండి? కానీ ఆడింది. పదిహేడో ఏట మొదలుపెట్టి ఇరవై ఏడో ఏట ఆపేసింది. ఆపేసిందనడం కూడా తప్పే, ఆపించారు. కట్టుకున్న ఎజ్రా ఆర్టీసీ డిపోలో మెకానిక్కు, చర్చిలో సంఘపెద్ద. నాటకమంటే బొట్టు పెట్టాలి, హారతి పట్టాలి, పరాయి మగాణ్ణి 'నాథా' అని పిలవాలి. సంఘపెద్ద పెళ్లాం ఆ పని చేస్తే సంఘం ఊరుకుంటుందా? గొంతు మాత్రం క్వయర్‌కి ఇమ్మన్నారు. మిగతాదంతా మరిచిపొమ్మన్నారు. ఆవిడ కూడా ఇరవై ఏళ్లు మరిచిపోయినట్టే ఉంది.

నవంబరులో ఒక మధ్యాహ్నం సూరయ్య ఆ గదిలోకి వచ్చి చీరల కట్ట పక్కన చతికిలబడ్డాడు. డెబ్బై దాటిన హార్మోనిస్టు. కృపారాణికి శ్రుతి పట్టుకోవడం నేర్పింది ఈయనే.

"కొంప ములిగిపోనాది పిల్లా. అనూరాధ ఎలిపోనాది."

"అనూరాధెవరు మావా?"

"మా నాటకంలో హీరోయిను. ఏదో టీవీ సీరియల్లో ఏసం ఇచ్చారంట. రేత్రికి రేత్రి బస్సెక్కీసింది."

పొందూరు దగ్గర పల్లెలో వరి పండించుకునే గణపతిరావుకి నాటకాల పిచ్చి. ఆ పిచ్చితోనే 'సన్ననూలు' అని ఒక సంగీత నాటకం రాశాడు. అందులో నూకాలు అనే పిల్ల పొందూరులో నూలు వడుకుతుంది. మొగుడు ఓడ నడిపే సరంగు, కళింగపట్నం రేవులో ఓడెక్కి వెళ్లిపోతాడు, తిరిగి రాడు. కథ అంతే. కథకేం గాని, పద్నాలుగు పాటలున్నాయి, అన్నీ నూకాలే పాడాలి. పదకొండు చోట్ల ఆడారు. జనం రోజురోజుకీ తగ్గారు. ఇప్పుడు హీరోయినూ పోయింది. ఒప్పుకున్న ఊళ్లవాళ్లు ఒక్కొక్కరే వద్దని ఫోన్లు చేస్తున్నారు.

"నూకాలుకి ఎన్నేళ్లు మావా?"

"పద్దెనిమిది."

"నాకు నలభై ఏడు. అడగడానికి సిగ్గు నేదేటి నీకు?"

"నేదు. సిగ్గుంటే అరవయ్యేళ్లు హార్మోనీ వాయిస్తానేటి?" అని, ఆ ముసలాయన కళ్లు మూసుకుని చిన్నగా ఒక పాట అందుకున్నాడు.

*తెగిన పోగు అతుకుతాను సరంగు మావా,*
*తెగిన దారి ఎలాగ అతకను, సెప్పిపో మావా.*

కృపారాణి సూది ఆగిపోయింది. రెండోసారి ఆయన అదే ఎత్తుకుంటే ఆవిడ గొంతు తనంతట తానే కలిసింది. ముందు కొట్టులో చీర బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు మాటలాపి వెనక్కి తిరిగి చూశారు. ఇరవై ఏళ్ల తరవాత పరాయి మనిషి తన పాటకి తల తిప్పి చూడటం! ఆ చూపు చాలు, మనిషి సర్వనాశనమైపోవడానికి.

ఎజ్రా ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటాడు?

"ఇన్నాళ్లు లేని దురద ఇప్పుడేటే నీకు?" అన్నాడు అన్నం ముందు కూర్చుని.

"దురద కాదండీ. గొంతు పోతన్నాది. పై స్తాయిలో బీట పడతన్నాది. ఇంకో రెండేళ్లకి ఉండదు. పోయేలోగా ఒక్కపాలి..."

"ఆదివారం ఆదివారం పాడతన్నావు గదా."

"ముప్పై మందిలో కలిపి పాడతన్నాను. నా గొంతు నాకే ఇనబడదు."

నిజం చెప్పాలంటే ఆవిడకి కావలసింది అంతకంటే చిన్నది. మన స్టేజీ మీద ఒక ఆనవాయితీ ఉంది. పాట గాని పద్యం గాని మనసుకి పడితే జనం "వన్స్ మోర్!" అని అరుస్తారు. ఆర్టిస్టు కథ పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, అరుపులు సద్దుమణిగేదాకా ఆగి, ఆ చరణం మళ్లీ పాడాలి. మొదటిసారి పాత్ర కోసం పాడేది, రెండోసారి మాత్రం జనం ఆ మనిషి మొహం చూసి పాడించుకునేది. కృపారాణి ఆ రెండోసారి కోసం ఇరవై ఏళ్లుగా మొహం వాచిపోయి ఉంది. ఒక్కసారి నలుగురూ తన మొహం చూస్తూ మళ్లీ పాడమనాలి. అంతే కోరిక. చచ్చేలోగా తీరాలి.

రిహార్సల్స్‌కి వెళ్లింది. డిసెంబరు మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల జరిగితే, అంటే అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన జరిగితే, రొట్టె పళ్లెం ఆవిడ ముందు ఆగకుండా పక్కావిడ దగ్గరికి వెళ్లిపోయింది. క్వయర్ నుంచి పేరు తీసేశారు. సంఘం ముందు నిలబడి, చేసింది తప్పని ఒక్క మాట చెబితే మళ్లీ చేర్చుకుంటామని పాస్టరుగారు కబురు పెట్టారు.

"ఒక్క నిమిషం నిలబడితే అయిపోద్ది గదే," అన్నాడు ఎజ్రా. కోపంగా కూడా అనలేదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. సంఘపెద్దగా ఆ పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడిచింది ఆయనే మరి.

"తప్పైతే నిలబడతాను. తప్పు కానిదానికి ఎలాగ నిలబడమంటారు?"

ఆ మాటతో ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆవిడ క్యారేజీ కట్టి బల్ల మీద పెట్టేది, ఆయన తీసుకుని డిపోకి పోయేవాడు.

పొందూరు దగ్గరి ఆ పల్లెలోనే గణపతిరావు ధాన్యం గోడౌనులో రిహార్సల్స్. అక్కడ నూలు వడికే తవిటమ్మ దగ్గర కృపారాణి పది రోజులు కూర్చుని, వాలుగ చేప దవడతో పత్తి ఎలా దువ్వాలో, రాట్నం మీద పోగు తెగకుండా ఎలా లాగాలో నేర్చుకుంది. అనూరాధ అవేవీ నేర్చుకోలేదట, ఖాళీ రాట్నం తిప్పేదట. చేతులు కుదిరాయి గాని గొంతు మాత్రం మొరాయించింది. అనూరాధ ఐదు శ్రుతిలో పాడేది. ఆ ఎత్తులో కృపారాణి గొంతు మూడో పాటకే చీలిపోయింది. గణపతిరావు తల పట్టుకున్నాడు. సూరయ్య ఎవరితోనూ చెప్పకుండా హార్మోనియం మీద వేళ్లు కిందికి జరిపి నాలుగుకి దించేశాడు.

"అదేటి, పాట ముసలిదైపోనాది!" అని గణపతిరావు గింజుకున్నాడు.

"నూకాలు అప్పటికి ఎన్నేళ్లు ఎదురుసూసినాది బాబూ? సివరి పాటకి ముసిల్దవదేటి?" అన్నాడు సూరయ్య. గణపతిరావు నాలుగులోనే కానిమ్మన్నాడు. రాసినాయనకే తట్టని సంగతి వాయించేవాడికి తట్టింది.

ఫిబ్రవరిలో కళింగపట్నంలో కృపారాణితో మొదటి ఆట. సాయంత్రం ఐదింటికి, ఇంకా వెలుగుండగానే మొదలుపెట్టారు. కుర్చీలు మూడొందలు వేశారు, వచ్చింది నలభై మంది. అందులో సగం కుర్చీల కోసం వచ్చినవాళ్లే. కృపారాణి స్టేజీ మీదికి రాగానే ఎవడో "ఓలమ్మో, నూకాలు కాదురా, నూకాలమ్మ!" అని కేక వేశాడు. నవ్వులు. సూరయ్య శ్రుతి ఆపకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

రెండో పాటకి నవ్వులు ఆగాయి. ఆరో పాటకి, ఒడ్డున ఎండుచేపలు గోతాలకెత్తుకుంటున్న ఆడవాళ్లు ఆ చేతులతోనే వచ్చి స్టేజీ ముందు ఇసకలో కూర్చున్నారు. ఓడలూ పడవలూ ఎక్కి పోయిన మగాళ్ల సంగతి వాళ్లకి ఎవరూ చెప్పనక్కరలేదు. చివరి పాటలో 'తెగిన దారి ఎలాగ అతకను' దగ్గరకొచ్చేసరికి కృపారాణి గొంతు నిజంగానే బీట పడింది. ఆవిడ దాన్ని దాచలేదు, ఆ బీటతోనే పాడేసింది. ఇసకలో కూర్చున్న ఒక ముసలామె లేచి, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ, "మల్లీ పాడే తల్లీ!" అంది. ఆ వెనకే వన్స్ మోర్లు.

కృపారాణి చేతులు జోడించింది. ఆగింది. మళ్లీ పాడింది. రెండోసారి ఇంకా మెల్లగా, 'సెప్పిపో మావా' దగ్గర గొంతు తగ్గించి, ఎదురుగా ఉన్న ఒక్కొక్క మొహమూ చూస్తూ పాడింది. ఆ రోజు ఆవిడ బతికింది. అంత మాట ఎందుకంటున్నానంటే, తరవాత జరిగినదంతా చూస్తే ఆవిడ బతికినది ఆ ఒక్క రోజే అనిపిస్తుంది.

ఆ ముసలామె ఏడుపుతో సహా ఎవరో ఫోనులో వీడియో తీశారు. అది జిల్లాలన్నీ తిరిగింది. నరసన్నపేటలో ఆట, ఆమదాలవలసలో ఆట, చీపురుపల్లిలో కుర్చీలు చాల్లేదు. వద్దన్న ఊళ్లే మళ్లీ ఫోన్లు చేశాయి. చచ్చిన నాటకం లేచి కూర్చుంది. చీరల కొట్టు యజమాని కూడా ఆవిణ్ణి 'మేడమ్' అనడం మొదలుపెట్టాడు. ఎజ్రా మాత్రం ఒక్క ఆటకీ రాలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం పళ్లెం ఆవిణ్ణి దాటుకుని పోతూనే ఉంది. ఫరవాలేదనుకుంది. ఒకచోట నోరు కట్టేసినా ఇంకోచోట పాడుతున్నాను గదా అని ధైర్యం చెప్పుకుంది.

మార్చిలో గణపతిరావు పాటలన్నీ రికార్డు చేయిద్దామన్నాడు. "ఎండలొచ్చీసినాయి కృపమ్మా. ఏ రోజైనా నీ గొంతు పట్టీసిందనుకో, ఆట ఆగిపోకూడదు గదా. ముందుసూపు." ఆవిడకి ఆ మాట ఎంతో గౌరవంగా అనిపించింది. విజయనగరంలోనే ఒక చిన్న స్టూడియో. అద్దం ఇటు ఆవిడ, అటు హార్మోనియంతో సూరయ్య. ఇద్దరి చెవులకీ హెడ్‌ఫోన్లు. పద్నాలుగు పాటలూ రెండు రోజుల్లో పాడింది. చివరి పాట అయిపోయింది. అయిపోయాక ఆవిడ హెడ్‌ఫోన్లు తియ్యలేదు. అలవాటు! కళ్లు మూసుకుని, మైకు ముందు చేతులు జోడించి, జనం కోసం ఆగింది. అది చూసి అద్దం అవతల సూరయ్య నవ్వుతూ చెయ్యెత్తి, "వన్స్ మోర్!" అన్నాడు. ఆవిడ ఆ చరణం మళ్లీ పాడింది, కళింగపట్నంలో పాడినట్టే, మెల్లగా.

రికార్డు చేసే అతను విసుక్కున్నాడు. "ఇదెందుకండీ? రెండోది తీసెయ్యనా?"

"ఉంచు బాబూ," అంది కృపారాణి. "అది తీసీస్తే పాటే నేదు."

ఏప్రిల్లో గణపతిరావు కొట్టుకి వచ్చాడు. ఎప్పుడూ ఫోను చేసే మనిషి తనే వచ్చాడంటే ఆవిడకి ముందే అర్థం కావలసింది. మంచినీళ్లు అడిగాడు. తాగాడు. మళ్లీ అడిగాడు.

"సీకాకుళం నాటక పరిషత్తు పోటీలకి పిలిచారు. మన నాటకాన్ని. ఆళ్లంతట ఆళ్లే."

"మంచిదే గదా బాబూ! మరి మొకం అలాగున్నాదేటి?"

"ఈడియో సూసినారు. గొంతు బంగారం అన్నారు. మనిషే... నూకాలు పద్దెనిమిదేళ్ల పిల్ల గదా అన్నారు." అని కింద చూస్తూ, "సీరియల్ ఆపీసినారంట. అనూరాధ ఒచ్చీసింది," అన్నాడు.

కృపారాణి సూదిలో దారం ఎక్కించబోతూ ఆగింది.

"ఆ పిల్ల పాడగలదేటి ఇప్పుడు? నాటకం నాలుగు శ్రుతికి దిగిపోనాది గదా. ఆ అమ్మాయిది ఐదు."

గణపతిరావు గ్లాసు కింద పెట్టాడు. ఆవిడకి మెల్లగా వెలిగింది.

"పాటలున్నాయి గదా... రికార్డు," అంది.

"నీ గొంతు ఉంటాది కృపమ్మా. నీ గొంతు నేకపోతే నాటకమే నేదు. నాకు తెలీదా?"

"సూరయ్య మావ వాయిస్తానన్నాడా?"

"ట్రాక్ ఉంటే ఇంక హార్మోనీ ఎందుకమ్మా?"

ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి! అరవై ఏళ్ల హార్మోనియాన్నీ, ఇరవై ఏళ్లు ఆగి లేచిన గొంతునీ కలిపి వేలెడంత పెన్‌డ్రైవ్‌లో పెట్టి జేబులో వేసుకున్నాడు. పైగా ఏడుపు మొహం కూడా వాడిదే.

"నువ్వు వద్దంటే మానేద్దాం," అన్నాడు చివరికి. "ఇక్కడితో నాటకం సచ్చిపోద్ది, అంతే గదా."

అదీ ఆయన వేసిన ముడి. చచ్చినదాన్ని తన ఊపిరి పోసి లేపింది ఆవిడే. మళ్లీ తన చేత్తోనే ఎలా చంపుతుంది?

"నా పేరు సెప్తారా?"

"సెప్పిస్తాను," అన్నాడు గణపతిరావు, గుమ్మం దాటుతూ.

ఆ రాత్రి కంచం ముందు ఎజ్రాకి సంగతి చెప్పింది. ఆయన దెప్పలేదు. దెప్పితే బాగుండునని ఆవిడకి అనిపించింది. కాసేపు అన్నం కెలికి, "పోనీలేయే. ఇంక ఆదివారం నిలబడి ఆ ఒక్క మాట సెప్పీ. అన్నీ సర్దుకుంటాయి," అన్నాడు. అటు బల్లా పోయింది, ఇటు స్టేజీ పోయింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే గాబోలు అనుకుంది. ఆ ఆదివారం చర్చికి వెళ్లలేదు. బస్సెక్కి శ్రీకాకుళంలో పోటీలు జరిగే హాలుకి వెళ్లింది.

సూరయ్య హాలు గుమ్మంలోనే కనబడ్డాడు. భుజం మీద తువ్వాలు, చేతులు ఖాళీ. హార్మోనియం పెట్టె లేకుండా ఆయన్ని చూడటం ఆవిడకి అదే మొదటిసారి. "ఎందుకొచ్చినావే పిల్లా?" అన్నాడు. "నువ్వెందుకొచ్చినావు మావా?" అంది. నాలుగో వరసలో పక్కపక్కన కూర్చున్నారు. ఇంకా చీకటి కూడా పడలేదు, హాలు మాత్రం కిటకిటలాడుతోంది.

మైకులో ఒకాయన పేర్లు చదివాడు. రచన గణపతిరావు. దర్శకత్వం గణపతిరావు. "నూకాలుగా, మన గానకోకిల, కుమారి అనూరాధ!" చప్పట్లు. తన పేరు వస్తుందేమోనని కృపారాణి చివరి దాకా విన్నది. లైట్లు పెట్టినవాళ్ల పేరు వచ్చింది, కుర్చీలు ఇచ్చినవాళ్ల పేరు వచ్చింది, టీలు పోసినవాళ్ల పేరు కూడా వచ్చింది.

తెర లేచింది. అనూరాధ బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పొందూరు ఖద్దరు చీరలో దీపంలా ఉంది. ఖాళీ రాట్నమే తిప్పింది గాని, వెనక వరసలకి పోగు ఉందో లేదో ఎలా కనబడుతుంది? ఆ లేత పెదాల మీంచి నలభై ఏడేళ్ల గొంతు హాలంతా పారింది. ఒక్కొక్క పాటకీ తన పెదాలు కూడా కదులుతున్నాయని కృపారాణికి తెలియదు. సూరయ్య వేళ్లు మోకాలి మీద లేని హార్మోనియం మెట్లు నొక్కుతున్నాయి.

వెనక వరసలో ఇద్దరు గొణుక్కుంటున్నారు.

"ఒరే, ఇది టేపురా. ఆ పిల్ల గొంతు కాదు. సూడు, పెదాలు ముందరే కదులుతన్నాయి."

"ఊరుకోరా, పిల్ల పాడతన్నాది."

ఆ మొదటివాడికి మనసులోనే దండం పెట్టింది కృపారాణి. లోకంలో ఒక్కడంటే ఒక్కడైనా కనిపెట్టాడు! ఇంకాసేపు ఉంటే లేచి అరుస్తాడేమో, ఎవరిదిరా ఆ గొంతు అని అడుగుతాడేమో. ఆ చిన్న ఆశ పట్టుకుని చివరి పాట దాకా కూర్చుంది.

చివరి పాట వచ్చింది. 'తెగిన దారి ఎలాగ అతకను' దగ్గర స్పీకర్లలోంచి ఆ బీట వినబడింది. హాలు మొత్తం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తరవాత విరుచుకుపడింది.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

అనూరాధ చేతులు జోడించింది. తల వంచి ఆగింది. కృపారాణి స్టూడియోలో ఎంతసేపు ఆగిందో సరిగ్గా అంతసేపు. అరుపులు సద్దుమణిగాయి. అప్పుడు స్పీకర్లలోంచి ఆ గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి మెల్లగా, జనం మొహాలు చూస్తూ బతిమాలుతున్నట్టుగా.

"సూసినావా?" అన్నాడు వెనక రెండోవాడు. "టేపైతే అడిగీసరికి మల్లీ పాడతాదేటి? పిల్లే పాడతన్నాదిరా!"

"అవున్రా! నిజంగా పాడతన్నాది. ఏం గొంతురా బాబూ!" అన్నాడు మొదటివాడు.

సూరయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఉంచమన్నది ఆవిడే, వన్స్ మోర్ అన్నది ఆయనే. ఇంకెవర్ని తిడతారు?

జనం మళ్లీ అరిచారు. ఈసారి ఇంకా గట్టిగా. ఆ అరుపు చెవిన పడగానే కృపారాణికి తను ఎక్కడున్నదీ తెలియలేదు. కాళ్లు వాటంతట అవే లేచాయి. నాలుగో వరసలో నిటారుగా నిలబడి, స్టేజీకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి, రెండు చేతులూ జోడించింది. వందల మొహాలు ఎదురుగా ఉన్నాయి. ఒక్కటీ ఆవిణ్ణి చూడటం లేదు. అందరి కళ్లూ ఆవిడ భుజం మీంచి స్టేజీ మీదే ఉన్నాయి.

"ఓలమ్మా, కూసో!" అన్నాడు వెనకవాడు, మెడ సాచి అటూ ఇటూ చూస్తూ. "నువ్వడ్డం. ఆ పిల్ల కనబడతం నేదు."

కృపారాణి కూర్చుంది.